బిడ్డకు లేని జబ్బు

హార్వీ లెవీ అమెరికాలోని బోస్టన్‌లో పిల్లల డాక్టరు. పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాల మీదే ఆయన పరిశోధనంతా. వాటిలో ఫినైల్‌కీటోన్యూరియా ఒకటి. డాక్టర్లు పొట్టిగా పీకేయూ అంటారు. పప్పు, పాలు, గుడ్డు, మాంసం, ఏది తిన్నా అందులో ఫినైల్‌అలనిన్ అనే పదార్థం ఉంటుంది. కాలేయంలో ఒక ఎంజైమ్ దాన్ని టైరోసిన్ అనే మరో పదార్థంగా మారుస్తుంది. ఆ ఎంజైమ్ పనిచేయకపోతే ఏమవుతుందో మిర్యాలగూడ దిక్కు రైతుకు ఇట్టే అర్థమవుతుంది. కాలువ తూము మూసుకుపోతే ఎగువన నీళ్లు ఎక్కి గట్టు తెగుతుంది, దిగువన మడి ఎండుతుంది. ఇక్కడ ఎగువన పేరుకున్న ఫినైల్‌అలనిన్ మెదడును దెబ్బతీస్తుంది. దిగువన టైరోసిన్ కరువై, దాంతో తయారయ్యే నల్లరంగు తగ్గి, పిల్లల జుట్టు వెలిసినట్టుంటుంది.

1934లో నార్వేలో ఆస్బ్యోర్న్ ఫోలింగ్ ఈ జబ్బును గుర్తించాడంటే, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరిగిన ఒక తల్లి పట్టుదలే కారణం. 1953లో ఫినైల్‌అలనిన్ తక్కువగా ఉండే ప్రత్యేక ఆహారంతో, అంటే పథ్యంతో, వైద్యం మొదలైంది. తర్వాత రాబర్ట్ గత్రీ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో పరీక్ష కనిపెట్టాడు. 1963లో మసాచుసెట్స్ రాష్ట్రం ఆ పరీక్షను తప్పనిసరి చేసింది. గండం గడిచిందనే అందరూ అనుకున్నారు.

ఐదారేళ్లకు మెదడు పెరుగుదల పూర్తయిందని అప్పట్లో చాలాచోట్ల పథ్యం ఆపేసేవారు. ఆ ఆడపిల్లలు పెద్దవాళ్లయ్యారు, బాగా చదువుకున్నారు, గర్భవతులయ్యారు. అక్కడ మొదలైంది అసలు కథ. కడుపులో బిడ్డను తల్లితో కలిపే మాయ (ప్లాసెంటా), తల్లి రక్తంలోని ఫినైల్‌అలనిన్‌ను బిడ్డ వైపు ఇంకా ఎక్కువగా తోస్తుంది. బిడ్డకు తండ్రి నుంచి మంచి జన్యువు వచ్చింది కాబట్టి పుట్టాక పరీక్ష చేస్తే అంతా నార్మల్. తల మాత్రం చిన్నది. 1980లో రోజర్ లెంకీతో కలిసి లెవీ 155 మంది తల్లుల 524 గర్భాల వివరాలు సేకరించాడు. పథ్యం లేకుండా, ఫినైల్‌అలనిన్ బాగా ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో నూటికి 92 మందికి బుద్ధిమాంద్యం. వైద్యం కాపాడిన బిడ్డే తల్లి అయ్యేసరికి, జబ్బు ఇలా ఒక తరం దాటి వచ్చింది. దీనికి పరిష్కారం గర్భం రాకముందే మళ్లీ పథ్యం మొదలుపెట్టడం.

ఈ పథ్యం మన దగ్గర ఎంత కష్టమో చూడండి. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణికి రోజూ అన్నం, పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడతారు. ఊరందరికీ మేలు చేసే ఆ పళ్లెమే పీకేయూ ఉన్న తల్లికి చేటు. జొన్నరొట్టె కూడా లెక్కపెట్టుకుని తినాల్సిందే.

మన దగ్గర పీకేయూ అరుదు, నిజమే. కానీ ఇలాంటి జబ్బుల్లో చాలావాటికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ జన్యువులు కలవాలి. నల్లగొండలోనూ పాలమూరులోనూ మేనరికాలు ఇంకా ఉన్నాయి. పెళ్లికొడుకులో ఒక చెడ్డ జన్యువు ఉంటే, అదే మేనమామ బిడ్డలోనూ ఉండే అవకాశం ఎనిమిదింట ఒక వంతు. అక్క బిడ్డనే చేసుకుంటే నాలుగింట ఒక వంతు. మేనరికం చేసుకున్నవాళ్ల పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు, భయపెట్టే మాటలు నాకు నచ్చవు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు బుద్ధిమాంద్యం ఉన్నప్పుడు మాత్రం గ్రహణం మీదో కోడలి మీదో నెట్టేయకుండా రక్తం పరీక్షకు పంపాలి.

పరీక్ష చేసే తీరు తేలికే. పుట్టిన రెండుమూడు రోజులకు మడమ పక్కన గుచ్చి, అట్టలాంటి కాగితం మీద గీసిన వలయాలు నిండేలా రక్తం పట్టి, నీడలో ఆరబెడతారు. పుట్టగానే తీస్తే లాభం లేదు. కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డకు పేరుకున్నదాన్ని తల్లి కాలేయమే తీసేస్తుంటుంది, కాబట్టి బిడ్డ పాలు తాగడం మొదలెట్టాకే లోపం బయటపడుతుంది. చిక్కల్లా ఆ తర్వాతే. రిపోర్టు వచ్చేసరికి బాలింత తల్లిగారింట్లో ఉంటుంది, ఆస్పత్రిలో రాసిచ్చిన ఫోన్ నంబరు భర్తది.

ఆ చుక్కతోనే పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపాన్నీ పట్టుకోవచ్చు. ఇది పీకేయూ కంటే చాలా ఎక్కువమందిలో కనిపిస్తుంది, రోజుకో గోలీతో సరిపోతుంది. లెవీ చూసిన చిక్కు ఇక్కడా ఉంది. అత్తగారింట్లో తెలిస్తే ఏమంటారోనన్న టెన్షన్‌తో పెళ్లయ్యాక అమ్మాయి గోలీ మానేస్తుంది. గర్భం వచ్చిన మొదటి వారాల్లో అదే గోలీ డోసు పెంచాలి, ఎందుకంటే అప్పటికి బిడ్డకు సొంత థైరాయిడ్ ఇంకా పనిచేయదు.