డైటీషియన్‌కి పని వచ్చో రాదో ఎలా తేల్చాలి? అపోహలు - వాస్తవాలు

న్యూట్రిషన్ విద్యార్థులకు పరీక్షలు పెట్టడం, కొత్త డైటీషియన్ల పని దగ్గరుండి చూడటం నా ఉద్యోగంలో భాగం. ఈ విషయంలో కొన్ని మాటలు పదేపదే వింటుంటాను.

అపోహ: రాతపరీక్షలో మంచి మార్కులొస్తే పని వచ్చినట్టే.

వాస్తవం: ఒక విద్యార్థిని రీఫీడింగ్ సిండ్రోమ్ మీద రాసిన జవాబులో వంక పెట్టడానికేమీ లేదు. చాలా రోజులు తిండిలేని మనిషికి ఒక్కసారిగా ఆహారం పెంచితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయని, ముందుగా థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వాలని రాసింది. చికిత్సా ప్రమాణాలు చెప్పే బ్రిటన్ సంస్థ ‘నైస్’ మార్గదర్శకాల ప్రకారం, ముప్పు ఎక్కువున్నవారికి రోజుకు కిలో బరువుకు 10 కిలోకేలరీలు మించకుండా మొదలుపెట్టాలని కూడా రాసింది.

వారం తర్వాత పేషెంట్‌గా నటించే వ్యక్తి ముందు కూర్చోబెట్టాం. ఎత్తు, బరువు అడిగింది. బీఎంఐ కట్టింది. వెంటనే డైట్ ప్లాన్ రాయడం మొదలుపెట్టింది. ‘సరిగా తిని ఎన్ని రోజులైంది?’ అని మాత్రం అడగలేదు. ఆయన తిని 12 రోజులు. అడిగితేనే చెప్పమని ఆయనకు ముందే చెప్పి ఉంచాం. ఆ అమ్మాయికి చదువు రాక కాదు. చదివింది ఎదుటి మనిషి దగ్గర గుర్తుకు రావాలంటే వేరే సాధన కావాలి, అది మేం చేయించలేదు.

వైద్య విద్యా నిపుణుడు జార్జ్ మిల్లర్ 1990లో దీన్ని నాలుగు మెట్లుగా చెప్పారు: తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపించడం, రోజువారీ పనిలో చేయడం. రాతపరీక్ష మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతుంది. మూడోదానికి ఓస్కీ ఉంది, అంటే ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని చేయించి చూసే పరీక్ష. వైద్య విద్యార్థుల కోసం రొనాల్డ్ హార్డెన్ బృందం 1975లో పరిచయం చేసిన పద్ధతి అది. నాలుగోది వార్డులో పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

అపోహ: ‘ఈ పని మీరెంత బాగా చేయగలరు?’ అని వాళ్లనే అడిగితే సరిపోతుంది.

వాస్తవం: అలా తెలిసేది ధీమా, నైపుణ్యం కాదు. డాక్టర్ల మీద 2006లో అమెరికా వైద్య పత్రిక జామాలో ఒక సమీక్ష వచ్చింది. తమను తాము అంచనా వేసుకోవడంలో బాగా పొరపడింది నైపుణ్యం తక్కువున్నవారు, ధీమా ఎక్కువున్నవారు అని అందులో తేలింది. మన రంగానికి మినహాయింపు ఉంటుందని నేననుకోను.

అపోహ: క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నపత్రం నిలకడను చెప్పే అంకె) బాగా వస్తే ప్రశ్నపత్రం మంచిదే.

వాస్తవం: ఆల్ఫా చూసేది ప్రశ్నలు ఒకదానికొకటి పొంతనగా ఉన్నాయా అనే. పత్రమంతా విటమిన్ లోపాల మీదే నింపినా ఆల్ఫా బాగానే రావచ్చు. నాకు నమ్మకమైన పరీక్ష వేరే ఉంది. అదే పత్రం మొదటి ఏడాది విద్యార్థులకూ, అనుభవమున్న డైటీషియన్లకూ ఇచ్చి చూడాలి. ఇద్దరికీ ఒకేలా మార్కులొస్తే ఆ పత్రం కొలవాల్సింది కొలవడం లేదు.

అలా చూసినప్పుడే మాకొక ప్రశ్న దొరికింది. కొత్తవాళ్లంతా సరిగా రాశారు, సీనియర్లు చాలామంది ‘తప్పు’ రాశారు. ‘సీరం ఆల్బుమిన్ తగ్గితే పోషకాహార లోపం ఉన్నట్టే’ అన్న వాక్యం తప్పా ఒప్పా అని అడిగాం. మా జవాబుల కీలో ఒప్పు అని ఉంది. రక్తంలో ఉండే ఈ ప్రోటీన్, ఆల్బుమిన్, ఇన్‌ఫ్లమేషన్‌లోనూ (ఒంట్లో వాపు ఉన్నప్పుడూ) పడిపోతుంది, తిండికి సంబంధం లేకుండానే. దాన్ని పోషణకు కొలమానంగా వాడొద్దని అమెరికాలోని క్లినికల్ న్యూట్రిషన్ నిపుణుల సంఘం ఆస్పెన్ కూడా స్పష్టంగా చెప్పింది. అంటే పాతబడింది మా కీ. సీనియర్లకు మార్కు కలిపి, మిగిలిన ప్రశ్నల కీ కూడా మొదటి నుంచి చూడటం మొదలుపెట్టాం.