ఎప్కాట్ నార్వేలోకి ఎల్సా ఎలా వచ్చింది? రైడ్ల పంచాయితీ వెనక అసలు కథ

అమెరికాలో ఆర్లాండో డిస్నీ వరల్డ్ లో ఎప్కాట్ పార్క్ మాట వస్తే చాలు, పాత పంచాయితీ ఒకటి మళ్ళీ మొదలవుతుంది. దేశాల సంస్కృతి చూపించడానికి కట్టిన వరల్డ్ షోకేస్ లో కార్టూన్ బొమ్మల రైడ్లు ఏంటి, నార్వే భాగానికి వెళ్తే నార్వే కనపడాలి గానీ ఫ్రోజెన్ కార్టూన్ సినిమాలోని ఎల్సా ఏంటి అని ఒక బ్యాచ్. పిల్లల్ని ఎండలో తిప్పుతూ గంటల తరబడి షాపులు, బిల్డింగులు చూపిస్తే ఊరుకుంటారా అని ఇంకో బ్యాచ్. రెండు వైపులా న్యాయం ఉంది, కాదనను. కానీ ఇద్దరూ వదిలేసే విషయం ఒకటుంది, అక్కడ ఏ రైడ్ వచ్చినా, రాకుండా ఆగిపోయినా మొదట్నుంచీ తేల్చింది ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అన్నదే.

వాల్ట్ డిస్నీ అనుకున్న ఎప్కాట్ అసలు పార్కే కాదు, జనం నిజంగా కాపురాలుండే ఊరు. ఆయన 1966 డిసెంబర్ లో పోయారు, ఆ ఊరి ప్లాన్ కూడా దాదాపు అక్కడితో ఆగింది. తర్వాత కంపెనీ వాళ్ళ దగ్గర రెండు వేరే ఐడియాలు ఉండేవి, ఒకటి టెక్నాలజీ మీద, ఇంకోటి దేశాల మీద. ఆ రెండు మోడల్సూ పక్కపక్కన పెట్టి జరిపి ఒకటే పార్క్ చేసేశారు. 1982 అక్టోబర్ 1న తెరిచినప్పుడు చెరువు చుట్టూ తొమ్మిది దేశాల ప్యావిలియన్లు, అంటే ఒక్కో దేశం పేరుతో కట్టిన భాగాలు, మొత్తం చుట్టి రావాలంటే దాదాపు రెండు కిలోమీటర్ల నడక. 1984లో మొరాకో, 1988లో నార్వే చేరాయి, 11 అయ్యాయి. అంతే, ఆ తర్వాత ఇంకో దేశం రాలేదు.

ఎందుకు రాలేదంటే, ఆయా దేశాల ప్రభుత్వాలో కంపెనీలో డబ్బు పెడతాయి, మనం కట్టి నడుపుతాం అన్నది డిస్నీ లెక్క. ప్రభుత్వాలు చాలావరకు చేతులెత్తేశాయి, కంపెనీలు కొన్ని వచ్చాయి. స్పెయిన్, ఇజ్రాయెల్, ఆఫ్రికా ప్యావిలియన్లు వస్తున్నాయని చెప్పారు గానీ కట్టలేదు. మొరాకో ఒక్కటి వేరే కథ, రాజు హసన్ 2 తన దేశం నుంచి పనివాళ్ళని పంపించాడు, ఆ గోడల దగ్గర ఆగి టైల్స్ చూడండి, చిన్న చిన్న ముక్కలు చేత్తో కోసి పేర్చిన పని అది, పక్క ప్యావిలియన్ల గోడలతో పోలిస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

వరల్డ్ షోకేస్ అంటే రైడ్లు లేని ప్రశాంతమైన చోటు, ఇప్పుడొచ్చి పాడు చేస్తున్నారు అనేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. రైడ్లు మొదటి ప్లాన్లలోనే ఉన్నాయి. జర్మనీ ప్యావిలియన్ లో రైన్ నది పేరుతో పడవ రైడ్ అనుకున్నారు, దానికని జాగా కూడా వదిలారు, రైడ్ మాత్రం రాలేదు. జపాన్ ప్యావిలియన్ లో అయితే మీట్ ద వరల్డ్ అనే తిరిగే థియేటర్ షోకి ఏకంగా బిల్డింగే లేపారు, షో మాత్రం అక్కడ ఒక్కరోజు కూడా ఆడలేదు, 1983లో టోక్యో డిస్నీలాండ్ లో ఆడింది. ఫుజి కొండ ఆకారంలో రోలర్ కోస్టర్ కూడా అనుకున్నారు, పార్క్ లో ఇంకోచోట స్పాన్సర్ గా ఉన్న ఫోటో ఫిల్మ్ కంపెనీ కొడాక్ కి, తన పోటీ కంపెనీ ఫుజి పేరు గుర్తొస్తుందని ఆ పేరు గిట్టలేదని ఫ్యాన్స్ చెప్పుకుంటారు, నిజమో కాదో గానీ వినడానికి మాత్రం బాగుంటుంది.

సో మొదటిరోజు నుంచి ఉన్న రైడ్ మెక్సికోది ఒక్కటే, ఎల్ రియో డెల్ టియెంపో, పిరమిడ్ లోపల మెల్లగా సాగే పడవ. అప్పట్లో పార్క్ మొత్తంలో మిక్కీ, డోనాల్డ్ లాంటి క్యారెక్టర్లు ఉండకూడదన్నది రూల్, ఇది పెద్దవాళ్ళు నేర్చుకునే చోటు అని. జనం వచ్చి మిక్కీ ఏడీ అని అడగడం మొదలెట్టారు, ఆ రూల్ ఎక్కువ కాలం నిలబడలేదు.

అసలు గొడవంతా నార్వేదే కాబట్టి అక్కడ కాస్త ఆగుదాం. 1988లో అప్పటి యువరాజు హరాల్డ్ వచ్చి ప్రారంభించాడు, కట్టడానికి పెట్టుబడిలో పెద్ద వాటా నార్వే వాళ్ళదే. మేల్‌స్ట్రామ్ అని పడవ రైడ్ పెట్టారు. మూడు తలల ట్రోల్ (నార్వే జానపద కథల్లో వచ్చే రాక్షసి లాంటిది) ఒకటి మీ పడవని శపిస్తే అది వెనక్కి తిరిగి జారుతుంది, ధ్రువపు ఎలుగుబంట్లు కనిపిస్తాయి, ఆ తర్వాత తుఫానులో ఊగుతున్న, సముద్రంలో చమురు తీసే ఆయిల్ రిగ్! అవును, ట్రోల్స్ పక్కనే ఆయిల్ రిగ్. డబ్బు పెట్టినోళ్ళు తమ దేశాన్ని ఎలా చూపించుకోవాలనుకున్నారో ఆ ఒక్క సీన్ లో తెలిసిపోతుంది. పడవ దిగాక నార్వే మీద ఐదు నిమిషాల సినిమా ఉండేది, థియేటర్ తలుపులు తెరవగానే చాలామంది సీట్ల మధ్యలోంచి నడుచుకుంటూ అవతలి తలుపులోంచి బయటికి పోయేవాళ్ళు. సంస్కృతి పోయింది అని ఇప్పుడు బాధపడేవాళ్ళలో ఆ సినిమా కూర్చుని చూసినవాళ్ళు ఎంతమందో అని నాకు డౌటే.

2000ల మొదట్లో నార్వే ప్రభుత్వం ఇచ్చే సాయం ఆగిపోయింది, కొత్తగా డబ్బు పెట్టేవాళ్ళు లేరు, రైడ్ పాతబడింది, సినిమాలో కనిపించే బట్టలు, కార్లు అన్నీ ఎనభైల నాటివి. ఇంతలో 2013లో ఫ్రోజెన్ వచ్చి ప్రపంచమంతా ఊపేసింది. 2014 అక్టోబర్ లో మేల్‌స్ట్రామ్ మూసేశారు, అదే కాలువ, అవే పడవలు వాడుకుని 2016 జూన్ లో ఫ్రోజెన్ ఎవర్ ఆఫ్టర్ తెరిచారు. కొత్తలో క్యూలు గంటలకి గంటలు. ఇక్కడ నా కంప్లైంట్ ఏంటంటే, ఎల్సా ఉండే అరెండెల్ ఏ మ్యాప్ లోనూ లేదు, నార్వే చూసి ఊహించుకున్న రాజ్యం. నిజమైన దేశం పేరున్న చోట ఉన్న ఒక్క రైడ్ తీసేసి లేని దేశాన్ని పెట్టారు. మెక్సికోలో 2007లోనే ఇంచుమించు ఇదే జరిగింది, పాత పడవ రైడ్ ని డోనాల్డ్ డక్ కథగా మార్చారు, అందులో ముగ్గురు హీరోల్లో మెక్సికో వాడు పంచితో ఒక్కడే, హోసే చిలక బ్రెజిల్ ది, డోనాల్డ్ సంగతి చెప్పక్కర్లేదు.

ఫ్రాన్స్ లో మాత్రం కొంచెం బుద్ధిగా చేశారు. ప్యారిస్ డిస్నీలో 2014లో వచ్చిన రాటటూయి కార్టూన్ సినిమాలోని ఎలుక రైడ్ నే 2021 అక్టోబర్ 1న ఇక్కడ తెరిచారు, కానీ ప్యావిలియన్ వెనకాల కొత్త వీధి వేసి అక్కడ కట్టారు. 1982 నాటి ఫ్రాన్స్ సినిమా ఇంకా ఆడుతోంది, కాకపోతే 2020 నుంచి ఆ థియేటర్ ని బ్యూటీ అండ్ ద బీస్ట్ పాటల షోతో పంచుకుంటోంది. ఉన్నది పీకకుండా పక్కన చేర్చడం అంటే ఇది, దీనికి నార్వే అంత తిట్లు పడలేదు కూడా.

మనవాళ్ళు అక్కడికి వెళ్తే ఇండియా ఎక్కడుంది అని చెరువు చుట్టూ వెతుకుతారు, లేదు. అదే డిస్నీ వరల్డ్ లో యానిమల్ కింగ్డమ్ కి పోతే ఆనందపూర్ ఉంటుంది, ఇండియా, నేపాల్ లాంటి ఆసియా దేశాలన్నీ కలిపి అల్లిన ఉత్తుత్తి ఊరు. అక్కడ 1999లో కాళి రివర్ ర్యాపిడ్స్, 2006లో ఎవరెస్ట్ కోస్టర్ పెట్టారు, ఏ ప్రభుత్వాన్నీ స్పాన్సర్ నీ బతిమాలే పని లేకుండా. అమ్మవారి పేరు తడిపే రైడ్ కి పెట్టడం నాకైతే అదోలా ఉంటుంది, అది వేరే సంగతి.

2019లో యూకే ప్యావిలియన్ కి మేరీ పాపిన్స్ అనే డిస్నీ సినిమా మీద రైడ్ అని ప్రకటించారు, 2020లో కోవిడ్ దెబ్బకి పక్కన పెట్టేశారు. కాబట్టి 11 దేశాల్లో రైడ్ ఉన్నవి ఇప్పటికి మూడే, మెక్సికో, నార్వే, ఫ్రాన్స్, మూడింట్లోనూ డిస్నీ క్యారెక్టర్లే.