క్యాంపు కట్టెలు: అపోహలు - వాస్తవాలు

టెంట్లు వేసి, కబుర్లయ్యాక, చీకటి పడ్డాక సెల్‌ఫోన్ లైటు పట్టుకుని కట్టెలకు బయల్దేరడం చాలా గుంపులకు అలవాటు. ఆ వెలుతురులో పచ్చిదీ ఎండుదీ ఒకేలా కనిపిస్తాయి. సూర్యాస్తమయానికి గంట ముందే కట్టెల పని ముగించాలి. ఇక అపోహల సంగతి.

అపోహ: అడవిలో రాలిన కట్టె ఎవరిదీ కాదు

రిజర్వు ఫారెస్టులో ఎండుపుల్ల కూడా అటవీ ఉత్పత్తి కిందే లెక్క. 1967 నాటి అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు రాజేయడమే నేరం. ఆంధ్రలోనూ, తెలంగాణలోనూ అంతే. అభయారణ్యమైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. నల్లమలలో చెంచులు ఏరుకుంటున్నారు కదా అని వాదించేవాళ్లుంటారు. 2006 అటవీ హక్కుల చట్టం హక్కులిచ్చింది తరతరాలుగా అడవిలో బతికేవాళ్లకు. శనివారం కారు దిగినవాళ్లకు అందులో వాటా లేదు. శేషాచలం వైపు వెళ్తే బరువుగా, లోపల ఎర్రగా ఉన్న ముక్కను సరదాకైనా సంచిలో వేసుకోవద్దు. అది ఎర్రచందనమైతే సంజాయిషీలు పనిచేయవు.

కట్టెలు ఏరాల్సింది పట్టా పొలంలో, తోటలో, ప్రైవేటు క్యాంపు స్థలంలో, అదీ యజమానిని అడిగాకే. లేదంటే దారిలో ఏదైనా ఊళ్లో కట్టెల అడితి దగ్గర ఆగి కొనుక్కోవడం అన్నిటికన్నా సుఖం.

అపోహ: మొద్దు ఎంత లావుంటే మంట అంత బాగుంటుంది

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. కట్టె వేడెక్కి, లోపలి తేమ ఆవిరై, ఆ తర్వాత వచ్చే వాయువులు అంటుకుంటేనే మంట. లావు మొద్దు వేడెక్కేలోపు కింద ఉన్న చితుకులు కాలి బూడిదైపోతాయి. వంటకు బొటనవేలు మందం పుల్లలే రాజు. మణికట్టును మించిన లావు వంటపొయ్యికి అనవసరం, గొడ్డలి బరువు దండగ.

లెక్క చూద్దాం. మూడు రాళ్ల పొయ్యిలో కట్టె ఇచ్చే వేడిలో సుమారు పదో వంతే గిన్నెకు చేరుతుంది, మిగతాది గాలిపాలు. ఆ లెక్కన లీటరు నీళ్లు మరగాలంటే దాదాపు పావుకిలో ఎండుకట్టె కావాలి. నలుగురికి టీ, అన్నం, పప్పు అంటే మూడు కిలోలు పోగేసుకోవడం మేలు. గాలి వీస్తుంటే ఇంకో కిలో.

కుప్పలు ముందే వేరు చేసుకోవాలి. ఎండుగడ్డి, తాటాకు ముక్కలు లేదా కొబ్బరిపీచు రెండు దోసిళ్లు. అగ్గిపుల్ల మందం చితుకులు రెండు గుప్పిళ్లు. చిటికెనవేలు మందానివి చంకలో ఇమిడేంత. ఆపై బొటనవేలు మందానివి. ఒక్కో మందం బాగా అంటుకున్నాకే తర్వాతిది పెట్టాలి. పీచు మీద నేరుగా దుంగ పెడితే పొగ తప్ప ఏమీ రాదు.

అపోహ: నేల మీద పడి ఉంటే ఎండినట్టే

నేలకు ఆనిన వైపు తడి పీలుస్తూనే ఉంటుంది. పుల్లను విరిచి చూడండి. ఠప్పున విరిగితే ఎండింది. వంగి, నార సాగుతూ చీలితే పచ్చిది. రెండు కట్టెల్ని ఒకదానికొకటి కొట్టినా తెలుస్తుంది: ఎండువి టంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. అప్పుడే నరికిన కట్టెలో బరువుకు దాదాపు సగం నీళ్లే ఉండొచ్చు. ఆ నీళ్లు ఆవిరయ్యేదాకా మీ కళ్లలో నీళ్లు తప్పవు.

వాన పడ్డాక నేల వైపు చూడకుండా పైకి చూడాలి. కొమ్మల మధ్య చిక్కుకుని వేలాడే ఎండుకొమ్మలు నయం. బెరడు చెక్కేసి నిలువునా చీలిస్తే లోపల పొడిగా ఉంటుంది. చెద పట్టి పిండిలా రాలేది ఏరొద్దు, వేడి తక్కువ, పొగ ఎక్కువ.

అపోహ: ఏ చెట్టు కట్టయినా ఒకటే

సర్కారు తుమ్మ, నల్లతుమ్మ, సరుగుడు, చింత గట్టివి. నిదానంగా కాలి మంచి నిప్పులు మిగులుస్తాయి. తుమ్మతో ఒక చిక్కుంది: ముళ్లు చెక్కకుండా టెంటు దగ్గరకు తెస్తే గాలిపరుపు పని అయిపోయినట్టే. మునగ, బూరుగ లాంటివి గడ్డిలా భగ్గుమని ఆరిపోతాయి.

గన్నేరు విషం, దాని పుల్లలు పొయ్యిలోకీ వద్దు, మాంసం గుచ్చడానికీ వద్దు. నల్లజీడి రసం తగిలితే ఒళ్లు పొక్కుతుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కల పొగ కూడా మంచిది కాదు.

వెదురు సంగతి వేరు. రెండు కణుపుల మధ్య బిగుసుకున్న గాలి, తేమ వేడికి ఉబ్బి బొంగు టపాసులా పేలుతుంది, నిప్పురవ్వలు టెంటు మీద పడతాయి. చీల్చాకే పొయ్యిలో పెట్టాలి. మరి అరకులో బొంగు చికెన్ పేలదేం అంటే, అది పచ్చి బొంగు, పైగా ఒక చివర తెరిచి ఆకులు కుక్కుతారు. ఆవిరికి దారి ఉంటుంది.

అపోహ: మొద్దు లేపేటప్పుడు అటువైపు నెట్టేస్తే చాలు

మొద్దు కింద తేలు, జెర్రి, పాము ఏదైనా ఉండొచ్చు. చేత్తో ఎత్తొద్దు. పొడుగాటి కర్రతో మొద్దును మీ వైపుకు దొర్లించండి. తెరుచుకునేది అవతలి పక్క కాబట్టి కింద ఉన్న జీవి అటే పోతుంది, మధ్యలో మొద్దు అడ్డం ఉంటుంది. అవతలికి నెడితే అది మీ పాదాల ముందే బయటపడుతుంది. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి.

అపోహ: కాస్త పెట్రోలు చల్లితే పని త్వరగా అవుతుంది

పెట్రోలు ఆవిరి చుట్టూ కమ్ముకుని అగ్గిపుల్ల గీయగానే మొహానికి ఎగుస్తుంది. చితుకులు సరిగ్గా ఏరుకుంటే దాని అవసరమే రాదు. ఇంకొకటి: పొయ్యికి వాగులో నానిన రాళ్లు తేవద్దు, లోపలి నీరు ఆవిరై పగులుతాయి.

అపోహ: నిప్పుల కుంపటి టెంట్లో పెట్టుకుంటే వెచ్చగా నిద్రపోవచ్చు

నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీసే వాయువు. దానికి వాసన ఉండదు, నిద్రలో తెలియదు. ఇందులో మినహాయింపులు లేవు.

అపోహ: ఇసుక కప్పితే నిప్పు ఆరినట్టే

ఇసుక కింద నిప్పులు గంటల తరబడి వేడిగా ఉంటాయి. సముద్రపు ఒడ్డున పొద్దున్నే వట్టికాళ్లతో పరుగెత్తే పిల్లల పాదాలు కాలేది ఇలాంటి చోటే. నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయాలి. సుయ్‌మనడం ఆగాక చేతి వెనుక వైపు బూడిదకు దగ్గరగా పెట్టి చూడాలి. వేడి తగిలితే మళ్లీ నీళ్లు, మళ్లీ కలపడం. పొయ్యి వెలిగించే ముందే ఇరవై లీటర్ల క్యాను నింపి పక్కన పెట్టుకోండి, టీకి దాన్ని ముట్టుకోవద్దు.