రెప్లికాలు, ట్యూన్ చేసిన స్పోర్ట్స్ కార్లు: అపోహలు - వాస్తవాలు

స్పోర్ట్స్ కార్లను ట్యూన్ చేయడం (పవర్, నడక మెరుగుపడేలా మార్చడం), పాత మోడళ్లకు రెప్లికాలు (అచ్చం వాటిలా ఉండే కొత్త కార్లు) కట్టడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్లకు కారంటే ఎంత ప్రేమో, దాని గురించి విన్న మాటల మీద అంత గట్టి నమ్మకం. ఆ మాటల్లో కొన్ని డబ్బు దండగ చేయిస్తాయి. కొన్ని ఇంజిన్‌ను పాడు చేస్తాయి. ఒకటి రెండు ప్రాణం మీదికే తెస్తాయి. నేను తరచూ వినేవాటిని తీసుకుని, నా అభిప్రాయాలు కూడా దాచుకోకుండా రాస్తున్నాను.

అపోహ: రెప్లికా అంటే నకిలీ కారు, దానికి విలువ లేదు

ఈ మాట వినగానే నాకు షెల్బీ కోబ్రా అనే స్పోర్ట్స్ కారు గుర్తొస్తుంది. 1962లో కరోల్ షెల్బీ చేసిందేమిటి? ఇంగ్లండ్‌లో ఏసీ కంపెనీ తయారు చేస్తున్న ఏస్ అనే తేలికపాటి కారును తీసుకుని, అందులో అమెరికన్ ఫోర్డ్ వీ8 ఇంజిన్ బిగించాడు. ఇవాళ వేలంలో భారీ ధర పలికే ఆ కారు కూడా ఒకరి బాడీకి ఇంకొకరి ఇంజిన్ కలిపి కట్టిన కస్టమ్ కారే. అప్పట్లో తయారైనవి సుమారు వెయ్యి. తర్వాతి దశాబ్దాల్లో వచ్చిన కోబ్రా రెప్లికాలు దానికి ఎన్నో రెట్లు.

తొలి కోబ్రాల సస్పెన్షన్‌లో అడ్డంగా వేసిన లీఫ్ స్ప్రింగులు ఉండేవి. ఇప్పుడు శ్రద్ధగా కట్టిన రెప్లికాలో గట్టి ఛాసిస్, కాయిల్ స్ప్రింగులు, మంచి బ్రేకులు, ఈ కాలపు టైర్లు ఉంటాయి. మలుపుల్లో అది అసలు కారు కంటే స్థిరంగా నడుస్తుంది. దాన్ని రోజూ బయటికి తీయొచ్చు, గీత పడుతుందేమోనన్న టెన్షన్ లేకుండా తోలొచ్చు. కారు నడపడానికే అనుకునేవాళ్లకు ఇది చిన్న విలువ కాదు.

పెద్ద కంపెనీలు కూడా ఈ దారిలోకి వచ్చాయి. 1957లో జాగ్వార్ వాళ్ల బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో తొమ్మిది ఎక్స్‌కేఎస్‌ఎస్ కార్లు కాలిపోయాయి. వాటికి బదులుగా కొత్తగా తొమ్మిది కడతామని 2016లో ఆ కంపెనీ ప్రకటించి, పాత పద్ధతుల్లోనే కట్టింది. ఆస్టన్ మార్టిన్ కూడా డీబీ4 జీటీని 2017లో మళ్లీ మొదలుపెట్టి 25 కార్లు చేసింది. వీటిని కంటిన్యుయేషన్ కార్లు అంటారు. ఆ పని మీద నాకు గౌరవం ఉంది. అంతే శ్రద్ధతో చిన్న షెడ్డులో కారు కట్టేవాడి మీదా అంతే గౌరవం ఉంది.

మోసం ఎక్కడ మొదలవుతుందంటే, అబద్ధం చెప్పి అమ్మినప్పుడు. ఛాసిస్ నంబరు మార్చడం, పాత కాగితాలను కొత్త బండికి తగిలించడం, లేని చరిత్ర అల్లడం నేరం. దానికి రెప్లికా అన్న పేరు వాడుకోవడం మా వృత్తికే అవమానం. రెప్లికా మీద ఫెరారీ బ్యాడ్జి అతికించడాన్ని కూడా నేను ఒప్పుకోను. నిజానికి బ్యాడ్జి దగ్గరే సమస్య ఆగదు. ఫెరారీ డేటోనా స్పైడర్, టెస్టరోసా ఆకారాలతో ఫైబర్‌గ్లాస్ బాడీలు తయారు చేసి అమ్మిన ఒక అమెరికన్ మీద ఆ కంపెనీ కోర్టుకు వెళ్లింది. 1991లో అప్పీలు కోర్టు కూడా ఫెరారీ పక్షానే తీర్పు ఇచ్చింది. ఆకారం కూడా కంపెనీ సొత్తు కావచ్చన్న సంగతి రెప్లికా కిట్ (కట్టుకోవడానికి అమ్మే భాగాల సెట్టు) కొనేముందే తెలుసుకోవాలి.

అపోహ: బయటికి అచ్చం అలాగే ఉంటే చాలు

రెప్లికాలో నేను మొదట చూసేది పెయింట్ కాదు, కింద ఉన్న బండి. పోర్షే 356 స్పీడ్‌స్టర్ రెప్లికాను ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఫ్లోర్ మీద కడతారు. అది కుదురుతుంది, ఎందుకంటే అసలు 356 కూడా బీటిల్ భాగాల మీద ఆధారపడి పుట్టిందే. రెండింటిలోనూ ఇంజిన్ వెనక ఉంటుంది, గాలితో చల్లబడుతుంది, నాలుగు సిలిండర్లు అటు రెండు ఇటు రెండు పడుకుని ఉంటాయి. బరువు ఉండాల్సిన చోటే ఉంటుంది కాబట్టి నడకలో కూడా పోలిక వస్తుంది.

1984 నుంచి 1988 వరకు వచ్చిన పాంటియాక్ ఫియెరో మీద ఫెరారీ ఆకారాలు కట్టడానికీ కారణం ఉంది. దాని ఇంజిన్ కూడా సీట్ల వెనక, మధ్యలో ఉంటుంది. పైగా ప్లాస్టిక్ ప్యానెళ్లు ఉక్కు ఫ్రేముకు బిగించి ఉంటాయి, ఊడదీయడం తేలిక. కానీ దాని మీద మందపాటి ఫైబర్‌గ్లాస్ తొడిగి, ఇంజిన్, బ్రేకులు, స్ప్రింగులు పాతవే ఉంచేస్తే చూపుకే స్పోర్ట్స్ కారు. అంతకంటే ఖర్చు తగ్గించుకుని, బాడీ సాదాగా ఉంచి, ఆ డబ్బు సస్పెన్షన్ మీద పెట్టమని సలహా ఇస్తాను. చాలామందికి ఈ సలహా నచ్చదు.

అపోహ: రీమ్యాప్ చేస్తే ఏ కారుకైనా పవర్ బాగా పెరుగుతుంది

రీమ్యాప్ అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) సాఫ్ట్‌వేర్ మార్చడం. టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టే పరికరం) ఉన్న కారుకు, లేని కారుకు ఇక్కడ చాలా తేడా. టర్బో ఉంటే ఈసీయూలో బూస్ట్ (టర్బో గాలి నెట్టే ఒత్తిడి) పెంచి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి పంపొచ్చు. గాలి పెరిగితే దానికి తగ్గ పెట్రోలు కలుస్తుంది, పవర్ పెరుగుతుంది. టర్బో లేని ఇంజిన్ తాను పీల్చుకోగలిగినంత గాలే పీల్చుకుంటుంది. సాఫ్ట్‌వేర్ మార్చి అదనంగా గాలి తేలేం. అక్కడ వచ్చే లాభం కొద్దిగానే ఉంటుంది. త్రాటిల్ (యాక్సిలరేటర్) స్పందన చురుగ్గా మారడం వల్ల ఎక్కువ వచ్చినట్టు అనిపిస్తుంది.

కంపెనీ వాళ్లు పవర్ దాచిపెట్టి అమ్ముతారన్నది కూడా సగం నిజమే. వాళ్లు వదిలిన మార్జిన్‌కు కారణాలున్నాయి: నాణ్యత తక్కువ పెట్రోలు, మండే ఎండ, ఎత్తైన ప్రాంతాలు, ఆయిల్ సమయానికి మార్చని యజమానులు, ఉద్గారాల నిబంధనలు. ట్యూనర్ చేసేది ఆ మార్జిన్‌లో కొంత వాడుకోవడం. ఎంత వాడుకున్నాడో మీకు చెప్పాలి.

పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన సుమారు 14.7 వంతుల గాలికి ఒక వంతు పెట్రోలు కావాలి. ఫుల్ త్రాటిల్‌లో టర్బో ఇంజిన్‌కు అంతకంటే పెట్రోలు ఎక్కువ పోసి, గాలిని 12 వంతుల దగ్గరికో ఇంకా కిందికో దించుతారు. ఆ అదనపు పెట్రోలు సిలిండర్‌లో వేడిని అదుపులో ఉంచుతుంది. ఇక్కడ పొదుపు చూపించినా, స్పార్క్ మరీ ముందుగా ఇచ్చినా నాకింగ్ మొదలవుతుంది. మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే అంటుకుని పిస్టన్ మీద సుత్తి దెబ్బలా పడుతుంది. శబ్దం వినపడేసరికే ఆలస్యం అయిపోవచ్చు. అందుకే ట్యూన్ చేశాక లాగ్ డేటా అడగండి. ఇంజిన్‌లోకి పోయే గాలి ఉష్ణోగ్రత, నాక్ వల్ల ఈసీయూ స్పార్క్‌ను ఎంత వెనక్కి తీసుకుంటోంది, పెట్రోలు ప్రెషర్ నిలకడగా ఉందా, ఇవి అందులో కనిపిస్తాయి. చూపించనివాడి దగ్గర కారు పెట్టకండి.

ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తే పవర్ వస్తుందన్నది దీనికి తమ్ముడి లాంటి అపోహ. ఆక్టేన్ నాకింగ్‌ను అడ్డుకుంటుంది, అంతే. దాన్ని వాడుకునేలా స్పార్క్, బూస్ట్ సెట్ చేసి లేని ఇంజిన్‌లో ఆ డబ్బు సైలెన్సర్‌లోంచి పోతుంది.

అపోహ: డైనో షీటు మీది పెద్ద నంబరే కారు సత్తా

ఒకే కారును రెండు డైనోల (పవర్ కొలిచే యంత్రాల) మీద పెడితే రెండు నంబర్లు వస్తాయి. ఒకటి చక్రాల దగ్గర కొలిచింది చెబుతుంది, ఇంకొకటి గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ తినేసిన పవర్‌ను లెక్కగట్టి ఇంజిన్ దగ్గరి అంకె చెబుతుంది. గాలి వేడికి, ప్రెషర్‌కు చేసే సవరణ కూడా మారుతుంది. నమ్మదగినది ఒక్కటే: అదే డైనో మీద, అదే రోజు, మార్పుకు ముందు, తర్వాత.

నంబరు కంటే షీటు మీది గ్రాఫ్ గీత ఆకారం చూడండి. టార్క్‌ను (తిప్పే బలాన్ని) న్యూటన్ మీటర్లలో తీసుకుని ఆర్పీఎంతో (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లతో) గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. అంటే చివరి ఆర్పీఎంలో కాస్త టార్క్ పెంచినా పవర్ అంకె ఘనంగా కనిపిస్తుంది. మలుపు దాటి బయటికి వచ్చేటప్పుడు మీ కాలి కింద ఉండాల్సింది మధ్య ఆర్పీఎంల టార్క్.

సైలెన్సర్ సంగతి రెండు మాటల్లో. పైపు ఎంత లావైతే అంత మంచిదన్నది తప్పు, ఇంజిన్‌కు బ్యాక్ ప్రెషర్ (పొగకు ఎదురొత్తిడి) కావాలన్నదీ తప్పు. కావాల్సింది పొగ వేగం తగ్గకుండా, అడ్డు లేకుండా బయటికి పోయే కొలత. పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేయమని అడిగితే నేను చేయను. ఇప్పటి హై ఫ్లో కన్వర్టర్లతో పోయే పవర్ చాలా తక్కువ, ఊరందరి ఊపిరితిత్తుల్లోకి పోయే విషం మాత్రం ఎక్కువ.

అపోహ: పెద్ద బ్రేకులు వేస్తే కారు తక్కువ దూరంలో ఆగుతుంది

నా దృష్టిలో ఇది అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఒక్కసారి గట్టిగా బ్రేక్ తొక్కినప్పుడు మీ పాత బ్రేకులు చక్రాన్ని లాక్ చేయగలిగితే, లేదా చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్ పని మొదలుపెడితే, ఇక ఆపేది టైరే. డిస్క్ సైజు పెంచినా ఆ దూరం తగ్గదు. పెద్ద డిస్క్ ఉపయోగం వేడి దగ్గర: మళ్లీ మళ్లీ తొక్కినా బ్రేకులు సడలిపోకుండా ఉంటాయి.

కదిలే కారులోని శక్తి వేగం వర్గంతో (వేగాన్ని వేగంతో గుణించిన లెక్కన) పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఆపడానికీ 140 దగ్గర ఆపడానికీ మధ్య బ్రేకుల్లో పుట్టే వేడి దాదాపు రెట్టింపు. ట్యూన్ చేసిన కారు ఆ 140ని త్వరగా అందుకుంటుంది. డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే ఆవిరి పుడుతుంది, పెడల్ నేల దాకా పోతుంది, బ్రేకు పడదు. అందుకే నా వరస ఇది: మంచి టైర్లు, కొత్త ఫ్లూయిడ్, సరైన ప్యాడ్లు, ఆ తర్వాతే ఇంజిన్. ఈ వరస ఒప్పుకోనివాళ్ల పని నేను తీసుకోను.

కిందికి దించిన కార్ల గురించి కూడా ఇదే ఆందోళన. స్ప్రింగ్ కోసి దించితే అది గట్టిపడుతుంది, షాక్ అబ్జార్బర్ కదలడానికి చోటు మిగలదు, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగ్ తన చోటు నుంచి జారే అవకాశం ఉంది. దించాలంటే స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ జతగా మార్చి, అలైన్‌మెంట్ చేయించండి.

వెనక వింగ్ ఇచ్చే ఒత్తిడి కూడా వేగం వర్గంతోనే పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర వచ్చేది 180 దగ్గర వచ్చేదాంట్లో తొమ్మిదో వంతు. ముందు చక్రాలతో నడిచే కారుకు వెనక మాత్రమే పెద్ద వింగ్ పెడితే, స్టీరింగ్ తిప్పే ముందు చక్రాల మీద బరువు ఇంకా తగ్గుతుంది.

అపోహ: ట్యూనర్ల పని కంపెనీ పనికి ఎప్పటికీ సాటి రాదు

ఏఎంజీని 1967లో మొదలుపెట్టింది హాన్స్ వెర్నర్ ఆఫ్రెక్ట్, ఎర్హార్డ్ మెల్చర్ అనే ఇద్దరు ఇంజినీర్లు. 1971లో వాళ్ల భారీ మెర్సిడెస్ సెడాన్ స్పా 24 గంటల రేసులో రెండో స్థానం సాధించింది. ఆ ట్యూనింగ్ షాపు తర్వాత మెర్సిడెస్‌లోనే కలిసిపోయింది. జర్మనీలోని రూఫ్ అనే ట్యూనింగ్ కంపెనీకి 1981లో స్వతంత్ర తయారీదారుగా గుర్తింపు వచ్చింది, దాని కార్ల మీద దాని సొంత ఛాసిస్ నంబర్లే ఉంటాయి. 1987లో వచ్చిన ఆ కంపెనీ పసుపు కారు సీటీఆర్ 469 హార్స్‌పవర్‌తో గంటకు 340 కిలోమీటర్ల దరిదాపుల్లోకి వెళ్లింది. ఇంజిన్‌కు రెండు టర్బోలు పెట్టి వాళ్లు ఊరుకోలేదు. బరువు తగ్గించారు, పైకప్పు అంచుల్లోని వాన నీటి గాడులు కూడా తీసేసి గాలికి అడ్డు తగ్గించారు. మంచి ట్యూనింగ్ అంటే నాకు ఆ కారే.

ఇక పాత రెప్లికా గానీ ట్యూన్ చేసిన కారు గానీ కొనేవాళ్లకు. రిజిస్ట్రేషన్‌లో ఆ కారు ఏ పేరుతో, ఏ సంవత్సరంతో ఉందో ముందు చూడండి. నిబంధనలు దేశానికో రకం. అమెరికాలో 2015 నాటి చట్టం చిన్న కంపెనీలకు ఏటా 325 రెప్లికాల దాకా అనుమతించినా, ఇంజిన్ మాత్రం ఇప్పటి ఉద్గారాల ప్రమాణాలకు లోబడాలి. తర్వాత కారును లిఫ్ట్ ఎక్కించి వెల్డింగులు, పెట్రోలు పైపులు, ఎగ్జాస్ట్ పక్కనుంచి పోయే వైర్లు, సస్పెన్షన్ బిగించిన చోట్ల పగుళ్లు చూడండి. లిఫ్ట్ ఎక్కించడానికి అమ్మేవాడు సాకులు చెబితే, పెయింట్ ఎంత మెరిసినా అడ్వాన్స్ ఇవ్వకండి.