ఆరుబయట సౌండు చెవికి తగలదా? చికాగో బ్లూస్ స్టేజీ పక్క నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

జూన్ వచ్చిందంటే నాకు వారాంతాలు ఉండవు. చికాగోలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పార్కుల్లో ఉచిత కచేరీలు మొదలవుతాయి. మిలీనియం పార్కులో పెద్ద బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం) ఫెస్టివల్, శివారు ఊళ్లలో వారానికో సాయంత్రం చిన్న బ్యాండ్లు. నేను ఆ చిన్న స్టేజీలకి సౌండ్ చేస్తుంటాను. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేదీ అప్పుడే కాబట్టి మడత కుర్చీలు, పులిహోర డబ్బాలు, చంటిపిల్లల స్ట్రోలర్లతో మనవాళ్లు బాగానే కనపడతారు. నా తెలుగు మొహం చూసి సౌండ్ మిక్సర్ దగ్గరికొచ్చి పలకరిస్తారు కూడా.

కిందటి జులైలో ఒక కుటుంబం స్ట్రోలర్ని తెచ్చి సరిగ్గా స్టేజీ కింద ఉన్న సబ్ (బేస్ సౌండు పలికే పెద్ద స్పీకరు పెట్టె) ముందు పెట్టింది. ఏడాది బాబు. ఆ పెట్టె ఎత్తూ, స్ట్రోలర్లో బాబు తల ఎత్తూ దాదాపు ఒకటే. నాయనమ్మకి మనసు ఒప్పుకోలేదు, నా దగ్గరికొచ్చి "ఏం బాబూ, పిల్లాడి చెవులకి ఏమన్నా అవుతుందా?" అని అడిగింది. నేను నోరు విప్పేలోపే వెనక నుంచి కొడుకు అందుకున్నాడు: "అమ్మా, ఇది హాలు కాదు కదా, ఆరుబయట. సౌండంతా గాలిలో కలిసిపోతుంది."

ఇదీ ఆ మాట. పదేళ్లుగా వింటున్నాను. చదువుకున్నవాళ్ల నోట, వాయించేవాళ్ల నోట, ఒక్కోసారి నా తోటి టెక్నీషియన్ల నోట కూడా. మా పనిలో మనుషుల్ని ఎక్కువ ముంచేది ఇదే, అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: ఆరుబయట ఎంత సౌండైనా చెవికి ఏం కాదు

ఇందులో సగం నిజం ఉంది. ఆ సగమే చిక్కు. ఆరుబయట గోడలుండవు, పైకప్పు ఉండదు, సౌండ్ తిరిగి రాదు. మామూలు స్పీకరు పెట్టె నుంచి దూరం రెట్టింపయినప్పుడల్లా సౌండ్ 6 డెసిబెల్స్ (సౌండ్ తీవ్రతకి కొలత) పడిపోతుంది. 5 మీటర్ల దగ్గర 106 ఉంటే 10 మీటర్లకి 100, 20కి 94, 40కి 88. అక్కడికి మీ మాట నిజమే.

కానీ వెనక పచ్చికలో దుప్పటి పరుచుకున్నవాళ్లకి కూడా పాట వినపడాలి కదా. గాలి మింగేసినదంతా మేం ముందే కలిపి పంపుతాం. అంటే వెనకవాళ్ల కోసం పెంచిన సౌండ్ మొత్తం ముందు వరుస చెవుల మీదుగానే పోతుంది. హాల్లో అయితే గోడలు కాస్త సాయం చేస్తాయి కాబట్టి అంత తోయాల్సిన పని ఉండదు. ఆరుబయట స్టేజీ ముందు నిలబడటం హాల్లో నిలబడటం కన్నా మేలని ఎవరు చెప్పారో గానీ, నాకు కనపడితే ఒక సాయంత్రం సబ్ పక్కన కుర్చీ వేసి కూర్చోబెడతాను.

పెద్ద స్టేజీల మీద లైన్ అరేలు ఉంటాయి, అంటే ఒకదాని కింద ఒకటి నిలువుగా వేలాడే స్పీకర్ల వరసలు. వాటి సౌండ్ కొంతదూరం దాకా దూరం రెట్టింపయితే 3 డెసిబెల్సే తగ్గుతుంది. కాబట్టి "నేను బాగా వెనక ఉన్నాను" అనే లెక్క కూడా అన్నిచోట్లా కుదరదు.

అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే నైయాష్ సంస్థ, ఎంత సౌండులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పిన లెక్క ఇది: 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైము సగం. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 97కి అరగంట, 100కి పావుగంట. ఆ 3 డెసిబెల్స్ తేడా మీ చెవికి పెద్దగా తెలియదు, కానీ లోపలికి వెళ్లే శక్తి మాత్రం రెట్టింపు. మిట్టమధ్యాహ్నం వచ్చి రాత్రి తొమ్మిదిదాకా ఉండే ఫెస్టివల్లో ఈ లెక్క ఎంత తొందరగా అయిపోతుందో చూసుకోండి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కచేరీలకని ఇచ్చిన పరిమితి 15 నిమిషాల సగటు మీద 100 డెసిబెల్స్. అది పెద్దవాళ్లని దృష్టిలో పెట్టుకుని చెప్పిన గరిష్ఠ పరిమితి. స్ట్రోలర్లో ఏడాది బాబు కోసం కాదు.

"మాకు అలవాటైపోయింది" అంటారు కొందరు గొప్పగా. చెవి అలవాటు పడదండీ. లోపలి చెవిలో ఉన్న సన్నటి వెంట్రుక కణాలు చచ్చిపోతే మనిషిలో మళ్లీ పుట్టవు. అలవాటైందంటే కొంత పోయిందనే అర్థం.

నా సంగతే చెబుతాను. కృష్ణా జిల్లాలో మా వీధిలో మైక్ సెట్టు షాపు ఉండేది. బళ్లో కన్నా అక్కడే ఎక్కువ ఉన్నాను. శ్రీరామనవమి తొమ్మిది రోజులూ చలువ పందిట్లో హారన్ల కిందే పడుకునేవాణ్ణి. ముప్ఫై దాటాక ఇక్కడ చెవి పరీక్ష చేయిస్తే, గ్రాఫు 4,000 హెర్ట్జ్ అనే సన్నటి స్వరాల దగ్గర బావిలోకి దిగినట్టు దిగింది. పెద్ద సౌండ్ల వల్ల వచ్చే నష్టం సాధారణంగా ముందు అక్కడే కనపడుతుంది. ఆ తర్వాత సెలవులకి ఊరెళ్తే రాత్రి మా ఆవిడ "అబ్బ, ఏం కీచురాళ్లండీ" అంది. నాకు తేడా తెలియలేదు. నాకు కీచురాళ్లు ఎప్పుడూ వినపడుతూనే ఉంటాయి, జనవరిలో, చికాగో మంచులో కూడా.

ఇది చదివి టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. కచేరీ నుంచి వచ్చిన రాత్రి చెవిలో గుయ్‌మన్నా, దూది పెట్టినట్టున్నా చాలాసార్లు ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఆ రోజులు చెవులకి విశ్రాంతి ఇవ్వండి, ఇయర్‌ఫోన్లు పక్కన పెట్టండి. తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడటం మానేస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. వెల్లుల్లి కాచిన నూనె పోయొద్దు. దెబ్బ తగిలింది లోపలి చెవికి, మీ నూనె కర్ణభేరి దగ్గరే ఆగిపోతుంది.

చెవిలో దూది కూడా అంతే, అది ఆపేది చాలా తక్కువ. మందుల షాపులో దొరికే ఫోమ్ ప్లగ్గులు కొనండి, కానీ పెట్టుకోవడం తెలియాలి. వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చెయ్యి తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో పట్టుకోవాలి. మీ గొంతు మీకే బిందెలోంచి వచ్చినట్టు వినపడితే సరిగ్గా కూర్చున్నట్టు. సగం బయటికి వేలాడుతుంటే పెట్టుకోనట్టే. పసిపిల్లలకి ప్లగ్గులు వద్దు, నోట్లో పెట్టుకుంటారు. వాళ్లకి తల మీదుగా వేసే ఇయర్‌మఫ్‌లు ఉంటాయి.

ఆ నాయనమ్మకి ఇదంతా చెప్పే టైము లేదు, బ్యాండు ఎక్కేస్తోంది. "పిన్నిగారూ, ముందు స్ట్రోలర్ని ఆ చెట్టు దాకా వెనక్కి తీసుకెళ్లండి" అన్నాను. కొడుక్కి కోపం వచ్చింది. ఆవిడ మాత్రం అప్పటికే బ్రేకు తీసేసింది.

అదే అపోహ, వాయించేవాళ్ల వైపు నుంచి: "ఓపెన్ ఎయిర్ కదా, ఆంప్ (గిటార్ సౌండ్ పెంచే పెట్టె) ఫుల్లు పెట్టాలి"

బ్లూస్‌వాళ్లకి ఈ నమ్మకం రావడానికి కారణం ఉంది. బ్లూస్ గాయకుడు, గిటారిస్టు మడ్డీ వాటర్స్ 1943లో మిసిసిపీ నుంచి చికాగో వచ్చాడు. క్లబ్బుల్లో గోలకి మామూలు గిటార్ వినపడక ఎలక్ట్రిక్ పట్టాడు. మాక్స్‌వెల్ స్ట్రీట్ సంతలో ఆదివారాలు పక్క ఇళ్ల నుంచో షాపుల నుంచో కరెంటు వైరు లాక్కుని వీధిలో వాయించేవాళ్లు. అక్కడ జనానికి వినపడాలంటే ఆంప్ ఒక్కటే దిక్కు. ఇప్పుడు ఆంప్ ముందు మైకు ఉంది, దాని వెనక మా సిస్టం మొత్తం ఉంది. జనానికి వినిపించే బాధ్యత మాది.

అసలు ఇబ్బంది వేరే. గోడలు లేవు కాబట్టి తన సౌండ్ తనకి తిరిగి రాదు. కొత్తగా ఆరుబయట ఎక్కినవాళ్లకి తమ వాద్యం చచ్చిపోయినట్టుంటుంది. ఇక మొదలు: గిటార్ ఆంప్ పెంచుతాడు, డ్రమ్మర్ గట్టిగా కొడతాడు, హార్మోనికా ఆయన మానిటర్ (వాయించేవాళ్లకి తమ సౌండ్ వినిపించే స్పీకరు) పెంచమంటాడు. హార్మోనికా వాయించిన లిటిల్ వాల్టర్ తర్వాత బ్లూస్ హార్ప్ (హార్మోనికానే అలా అంటారు) అంటే మైకుని హార్మోనికాతో కలిపి రెండు చేతుల్లో మూసి పట్టుకోవడమే కదా. ఆ మైకుకి మానిటర్ కాస్త ఎక్కువైతే కుయ్యిమని కూత. తిట్లు నాకు.

నేను ఎక్కువగా పనిచేసే ఒక డ్రమ్మర్‌కి డెబ్బై దాటాయి. హైహ్యాట్ (డ్రమ్స్ పక్కన ఉండే జంట తాళాలు) వైపున్న ఎడమ చెవి దాదాపు పోయింది. సౌండ్ చెక్‌లో ఏదైనా చెప్పాలంటే కుడివైపు వెళ్లి నిలబడాలి. ఆయన పక్కన కొత్త కుర్రాడు ఎవరైనా ఆంప్ పెంచితే ఏమీ అనడు, జేబులోంచి ప్లగ్గుల ప్యాకెట్ తీసి ఆంప్ మీద పెడతాడు. నేను పది నిమిషాలు చెప్పినా తగ్గనివాళ్లు దానికి తగ్గుతారు. ఆంప్‌ని నేల మీద కాకుండా కుర్చీ మీదకి ఎత్తి, వెనక్కి వంచి, వాయించేవాడి తలవైపు తిప్పితే సగం గొడవ తీరిపోతుంది.

మిగతావి గబగబా

ఉచిత కచేరీ అంటే కళాకారులు ఊరికే వాయిస్తారని: లేదు. ఉచితం మీకు. ఊరి యాజమాన్యమో స్పాన్సర్లో ఇస్తారు. చికాగో బ్లూస్ ఫెస్టివల్ 1984 నుంచి నగరం జరిపిస్తున్నదే.

వానొస్తే ఆపేస్తారని: వానకి కాదు, పిడుగుకి. చివరి ఉరుము వినపడ్డాక అరగంట ఆగాల్సిందే. అప్పుడు చెట్ల కిందకీ టెంట్ల కిందకీ పరిగెత్తకండి, బిల్డింగులోకో కారులోకో వెళ్లండి.

బ్లూస్ అంటే మూడు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు), ఏడుపు పాటలని: మూడు కార్డులే, పన్నెండు బార్లే (తాళం ఆవర్తాలు). మొదటి పాదం రెండుసార్లు, మూడోది దానికి జవాబు. ఇక ఏడుపంటారా, ఒకసారి వచ్చి ముందు డాన్సు చేసే ముసలాళ్లని చూడండి.

పాతకాలపు బ్లూస్ గిటారిస్టు రాబర్ట్ జాన్సన్ వాయించే నేర్పు కోసం నాలుగు దారుల కూడలిలో దయ్యానికి ఆత్మ అమ్ముకున్నాడని: ఐక్ జిమ్మర్‌మన్ అనే ఆయన దగ్గర కూర్చుని సాధన చేశాడు. ఇంక నన్ను దీని గురించి అడక్కండి.

వెనక కూర్చుంటే పాట సరిగ్గా వినపడదని: ఇది ఒకప్పటి మాట. మిలీనియం పార్కులో పచ్చిక మీద ఉక్కు గొట్టాల పందిరి కనపడుతుంది కదా, అది అలంకారం ఒక్కటే కాదు. స్పీకర్లు దానికే వేలాడుతుంటాయి. స్టేజీ సౌండ్ 34 మీటర్లు రావడానికి సెకనులో పదోవంతు పడుతుంది, అందుకే వెనక స్పీకర్లని ఆ మేరకు ఆలస్యం చేసి పంపుతారు. ముందువాళ్ల చెవులు చిల్లులు పడకుండానే వెనకవాళ్లకి స్పష్టంగా వినపడుతుంది.

మా చిన్న పార్కుల్లో అలాంటి పందిరి ఉండదు. అక్కడ ఎక్కడ కూర్చోవాలంటే, మా మిక్సర్ టెంటు చూసుకోండి. మేం సౌండ్ సరిచేసేది మా చెవి దగ్గర వినపడేదాన్ని బట్టే. టెంటుకి పక్కనో వెనకో కుర్చీలు వేసుకోండి. ముందు మాత్రం వేయకండి, నాకు స్టేజీ కనపడదు.