పొడుగు పాటలు, అలుగు పారే గిటార్లు

రాక్ గాయకుడు, గిటారిస్టు నీల్ యంగ్ పాడిన ‘కోర్టెజ్ ద కిల్లర్’ విన్నప్పటి నుంచి మూడు నిమిషాల పాటలు చప్పగా అనిపిస్తున్నాయని ఒక పాఠకుడు రాశారు. అలా నిదానంగా రాజుకుంటూ, గిటార్ తన దారిన తాను వెళ్లిపోయే జానపద రాక్ పాటలు ఇంకేమున్నాయో చెప్పమన్నారు. ఉత్తరం చివర్లో ఒక అనుమానం కూడా పెట్టారు. "అంతసేపు అవే రెండు మూడు కార్డ్స్ మీద గిటార్ వాయిస్తుంటే బోర్ కొట్టాలి కదా, ఎందుకు కొట్టదు?"

నాకు ఆ అనుమానమే నచ్చింది. (కార్డ్ అంటే ఒకేసారి కలిపి మీటే కొన్ని స్వరాల గుంపు.) పాటల పేర్లు దారిలో వస్తుంటాయి, రాసుకోండి. ఫోక్ రాక్ అంటే ఏమిటి, అది ఎక్కడ పుట్టింది, బాబ్ డిలాన్ ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుంటే జనం ఎందుకు గోల చేశారు లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి. వాటి జోలికి పోను.

చిక్కంతా తీగలో ఉంది. మీటిన తీగకు బయటి నుంచి శక్తి అందేది ఒక్కసారే, వేలు వదిలిన ఆ క్షణంలో. ఆ తర్వాత అంతా ఖర్చే. కొంత గాలిలోకి శబ్దంగా వెళ్తుంది, కొంత చెక్కలోకి దిగుతుంది, కొంత తీగలోనే వేడిగా మారుతుంది. బాంజోలో ఈ ఖర్చు మరీ ఎక్కువ కాబట్టి దాని మోత టక్కున ఆగిపోతుంది. బాంజో వాయించేవాళ్ల వేళ్లు అంతలా పరిగెత్తేది అందుకే, ఖాళీ కనబడకూడదు. వయొలిన్‌కి ఈ బాధ లేదు. కమాను లాగుతున్నంతసేపూ తీగకు శక్తి అందుతూనే ఉంటుంది. మామూలు గిటార్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. నిదానమైన పాటలో ఒక్క స్వరం మీద నిలబడి ఊరుకుందామంటే దానికి ఊపిరి చాలదు.

ఎలక్ట్రిక్ గిటార్‌కి ఆ ఊపిరి వచ్చింది ఆంప్లిఫయర్ నుంచి. అదీ ఆంప్లిఫయర్ తన పని సరిగ్గా చేయలేకపోవడం వల్ల!

చెరువు అలుగు చూసే ఉంటారు, తెలంగాణలో మత్తడి అంటారు. పైనుంచి వరద ఎంత వచ్చినా చెరువులో నీటి మట్టం అలుగు ఎత్తు దగ్గరే నిలుస్తుంది, మిగిలింది పొర్లిపోతుంది. పాతకాలపు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే ట్యూబ్ ఆంప్లిఫయర్‌కీ అలాంటి అలుగు ఒకటి ఉంది. అది ఇవ్వగలిగిన వోల్టేజికి ఒక హద్దు ఉంటుంది. వాల్యూమ్ బాగా పెంచితే గిటార్ సిగ్నల్ ఆ హద్దు దాటాలని చూస్తుంది. దాటలేక తరంగం నెత్తి చదునుగా తెగిపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు.

చిన్న లెక్క వేద్దాం. తీగ కంపన పరిమితి, అంటే అది ఊగే వెడల్పు, ప్రతి సెకనుకూ సగానికి పడిపోతోందనుకోండి. మీటిన క్షణాన సిగ్నల్ అలుగు ఎత్తుకు 16 రెట్లు ఉంది. ఒక సెకను తర్వాత 8 రెట్లు, రెండు సెకన్లకు 4, మూడింటికి 2, నాలుగింటికి సరిగ్గా అలుగు ఎత్తు. అంటే నాలుగు సెకన్లపాటు వరద తగ్గుతూనే ఉంది, చెరువు మట్టం మాత్రం కదల్లేదు. వినేవాడికి స్వరం దాదాపు అంతే బిగ్గరగా నిలబడినట్టు ఉంటుంది. అదే గిటార్‌ని హద్దు చాలా ఎత్తులో ఉన్న శుభ్రమైన ఆంప్‌కి తగిలిస్తే నాలుగో సెకను ముగిసేసరికి మిగిలేది 16వ వంతు.

అయితే ఇక్కడ పొర్లిన నీళ్లు ఊరికే పోవు. తరంగం నెత్తి తెగితే దాని ఆకారం మారుతుంది, ఆకారం మారితే కొత్త హార్మోనిక్స్, అంటే అసలు స్వరానికి రెండు, మూడు, నాలుగు రెట్ల కంపనాలుండే పై స్వరాలు, పుడతాయి. సెకనుకు 220 కంపనాల స్వరాన్ని పైనా కిందా సమానంగా కత్తిరిస్తే 660, 1100, 1540 లాంటి బేసి రెట్లు చేరతాయి. హెచ్చుతగ్గులుగా కత్తిరిస్తే 440, 880 లాంటి సరి రెట్లు కూడా వస్తాయి. వరద తగ్గేకొద్దీ కత్తిరింపు తగ్గుతుంది కాబట్టి ఈ హార్మోనిక్స్ కూడా పలచబడతాయి. మోత తగ్గకుండానే గరుకుతనం పోయి స్వరం నున్నగా అవుతుంది. ‘కోర్టెజ్ ద కిల్లర్’లో గొంతు వినిపించేది మూడు నిమిషాలు దాటాకే. ఆలోపు గిటార్ పట్టుకున్న పొడుగు స్వరాల్లో ఒక్కొక్కటీ ఇలా రంగు మారడం వినండి. ఆ పాటలో ఉన్నది మూడు కార్డ్సే. కార్డ్ మారకపోయినా స్వరం లోపల ఏదో ఒకటి మారుతూనే ఉంటుంది. పాఠకుడి అనుమానానికి సగం జవాబు ఇదే.

ఇంకాస్త లోపలికి వెళ్దాం. 1959 నాటి ఫెండర్ డీలక్స్ ఆంప్ అంటే నీల్ యంగ్‌కి ప్రాణం. చిన్నది, కొద్ది వాట్లదే. అందులో ఏసీని డీసీగా మార్చే పని కూడా ఒక ట్యూబే చేస్తుంది. తీగను గట్టిగా మీటితే ఆంప్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ ట్యూబ్ దగ్గర వోల్టేజి కుంగుతుంది, మెల్లగా మళ్లీ కోలుకుంటుంది. వరద వచ్చిపడగానే అలుగే కాస్త కిందికి దిగి, వరద నెమ్మదించాక తిరిగి లేచినట్టు. అందువల్ల మీటిన దెబ్బ అణిగి, ఆ వెనక స్వరం ఉబికి వస్తుంది. తగ్గాల్సిన శబ్దం ఒక క్షణంపాటు పెరిగినట్టుంటుంది. ఈ ఆంప్‌లో రెండు వాల్యూమ్ నాబ్‌లు ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తాయి, గిటార్ తగిలించని వైపు నాబ్ తిప్పినా శబ్దం మారుతుంది. ఏ నాబ్ ఎక్కడుండాలో ఆయనకు ఎంత పట్టింపంటే, కాలితో నొక్కగానే నాబ్‌లను గుర్తుపెట్టుకున్న చోటికి తిప్పే మోటారు పెట్టె ఒకటి తయారు చేయించి ఆంప్ నెత్తిన పెట్టుకున్నాడు. దాని పేరు విజ్జర్.

ఇది చదివి పాత ట్యూబ్ ఆంప్‌లోనే ‘ఆత్మ’ ఉంటుందని, ఫలానా ఏడాది కెపాసిటర్ లేకపోతే రాగం పలకదని లక్షలు పోసేవాళ్ల బాటలో వెళ్లకండి. అది వాస్తు పిచ్చికి విద్యుత్ శాఖ. అలుగు ఎంత ఎత్తులో ఉంది, ఎంత మెత్తగా తెగుతోంది, ఎంత సేపటికి కోలుకుంటోంది, తేడా అంతా ఇందులోనే ఉంది. వీటిని కొలవొచ్చు, లెక్కగట్టి కంప్యూటర్‌లో అనుకరించవచ్చు, అనుకరిస్తున్నారు కూడా.

కార్డ్స్ ఎందుకంత తక్కువ? దీనికీ అలుగే కారణం. క్లిప్పింగ్ అవుతున్న ఆంప్‌లోకి రెండు స్వరాలు ఒకేసారి పంపితే వాటి మొత్తాలూ తేడాలూ కూడా కొత్త స్వరాలుగా బయటికొస్తాయి. 220, 330 పంపితే తేడా 110, మొత్తం 550. అన్నీ 110కి గుణిజాలే కాబట్టి చెవికి ఇంపుగా, మరింత నిండుగా ఉంటుంది. ఇప్పుడు 220తో పాటు గిటార్ మెట్ల మీద దొరికే మూడో స్వరం, అంటే అంతర గాంధారం పంపండి. అది దాదాపు 277. తేడా 57. అది 55 అయితే అంతా కుదిరేది, కాలేదు. ఆ రెండు పిసర్ల తేడాకే విస్పందనాలు (దగ్గరి స్వరాలు కలిసినప్పుడు మోత హెచ్చుతూ తగ్గుతూ ఊగడం) లేచి శబ్దం మడ్డిగా తయారవుతుంది. ఇంటర్‌లో విస్పందనాల సూత్రం అందరం బట్టీ పట్టాం, సోనోమీటర్ తీగ కింద చెక్కముక్కలు జరిపాం. వాటిని చెవితో పట్టుకోమని ఎవరూ చెప్పలేదు. ఒక్క గిటార్, ఒక్క చవక ఆంప్ క్లాసులో పెడితే ఆ పాఠం జన్మలో మర్చిపోరు. సరే, విషయానికొస్తే, ఇంత కత్తిరింపు ఉన్నప్పుడు క్లిష్టమైన కార్డ్స్ పనికిరావు. కింద రెండు మూడు సాదా కార్డ్స్, పైన ఒక్కొక్క స్వరంగా సాగే గిటార్, ఇదే కుదురుతుంది. జానపద గీతాలు ఎలాగూ అంత సాదాగానే ఉంటాయి, అందుకే ఈ జోడీ అతికింది.

పొర్లిన నీటిని పంపు పెట్టి మళ్లీ చెరువులోకే తోడితే? అదే ఫీడ్‌బ్యాక్. స్పీకర్ శబ్దం గాలిలో వచ్చి తీగను మళ్లీ ఊపుతుంది. తీగ పోగొట్టుకునేంత శక్తి అలా తిరిగి అందితే స్వరం ఇక ఆగదు, మీటిన తీగ కమాను పెట్టిన తీగ అయిపోతుంది. కాకపోతే ఆ శబ్దం తీగ కదలికకు తోడుగా చేరాలి. ఎదురుగా చేరితే ఉన్న ఊపు కూడా పోతుంది. సెకనుకు 440 కంపనాల స్వరానికి గాలిలో తరంగదైర్ఘ్యం దాదాపు 78 సెంటీమీటర్లు. గిటారిస్టు అందులో సగం, 39 సెంటీమీటర్లు వెనక్కి జరిగితే తోడు కాస్తా ఎదురవుతుంది. కానీ 880కి ఆ 39 సెంటీమీటర్లు ఒక పూర్తి తరంగం, దానికి ఏ తేడా రాదు. కాబట్టి 440 నీరసించి, అదే తీగ మీద పై స్థాయి స్వరం దానంతటది లేచి నిలబడగలదు. స్టేజీ మీద గిటారిస్టులు ఆంప్ ముందు అటూ ఇటూ ఊగుతూ నిలబడేది స్టయిల్ కోసం మాత్రమే కాదు. నీల్ యంగ్ ‘లైక్ ఎ హరికేన్’ ఎనిమిది నిమిషాలకు పైగా సాగుతుంది, లైవ్‌లో ఇంకా పొడుగు. ఫీడ్‌బ్యాక్ వినాలంటే లైవే వినాలి.

ఇక్కడ నాకు బాగా ఇష్టమైన సాక్ష్యం ఒకటి చెప్పాలి. బర్డ్స్ బృందంలో రోజర్ మెక్‌గ్విన్ 12 తీగల రికెన్‌బాకర్ వాయించేవాడు. ఆ గిటార్ స్వరం త్వరగా ఆరిపోతుంది. స్టూడియోలో దాన్ని కంప్రెసర్ల గుండా పంపారు. కంప్రెసర్ అలుగు కాదు, చెరువులోకి నీళ్లొచ్చే దారిలోని గేట్లు. వరద ఎక్కువైతే దించి, తగ్గితే ఎత్తి, తరంగం నెత్తి తెగకుండానే మట్టం సమం చేస్తుంది. స్వరం మూడు నాలుగు సెకన్లు నిలబడే సరికి, ఊదే వాద్యంలా దీర్ఘంగా వాయించవచ్చని ఆయనకు ధైర్యం వచ్చింది. టూర్ బస్సులో జాన్ కోల్ట్రేన్ శాక్సఫోన్, రవిశంకర్ సితార్ టేపులు అరిగేదాకా విన్న ఫలితం 1966లో ‘ఎయిట్ మైల్స్ హై’ గా బయటపడింది. రికార్డు మీద అది మూడున్నర నిమిషాలే. 1970లో వచ్చిన ‘అన్‌టైటిల్డ్’ ఆల్బమ్‌లోని లైవ్ రూపం పదహారు నిమిషాలు. మీకు కావాల్సింది రెండోది.

నా వాదనకు ఎదురుతిరిగే పాటలూ ఉన్నాయి. 1969 నాటి ‘డౌన్ బై ద రివర్’లో నీల్ యంగ్ స్వరాన్ని నిలబెట్టడు, తుంచేస్తాడు. సోలో మొదట్లో ఒకే స్వరాన్ని పొడిపొడిగా, మేకు కొట్టినట్టు కొడుతూనే పోతాడు. తొమ్మిది నిమిషాల పాటలో టెన్షన్ అంతా స్వరాల మధ్య ఖాళీల్లో ఉంది. అదే ఏడాది వచ్చిన గ్రేట్‌ఫుల్ డెడ్ బృందపు లైవ్ ‘డార్క్ స్టార్’ 23 నిమిషాలు. ఆ బృందం గిటారిస్టు జెర్రీ గార్సియా గిటార్ శబ్దం అందులో చాలావరకు శుభ్రంగానే ఉంటుంది, అలుగు పారదు. ఆయన కుర్రతనంలో బాంజో వాయించినవాడు. ఆగని చిన్న చిన్న స్వరాల వరసలో నాకు ఆ అలవాటే వినిపిస్తుంది.

అన్నిటికంటే ముందు వినాల్సింది మాత్రం ఇంగ్లండ్ బృందం ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ 1969లో చేసిన ‘ఎ సెయిలర్స్ లైఫ్’. మునిగిపోయిన నావికుడి కోసం వెతుక్కునే పిల్ల కథ, పాత జానపద గీతం. పదకొండు నిమిషాలు, ఒకే టేక్. శాండీ డెనీ గొంతు దాదాపు తాళం లేకుండా, ఆలాపనలా మొదలవుతుంది. కింద శ్రుతి పట్టినట్టు గిటార్లు, సముద్రంలా డ్రమ్స్ పక్కనుండే సింబల్స్ మోత. కథ ముగిశాక రిచర్డ్ థాంప్సన్ గిటార్, డేవ్ స్వార్‌బ్రిక్ వయొలిన్ ఎదురుబొదురుగా నిలబడతాయి. ఒకదానికి కమాను ఉంది, ఇంకోదానికి లేదు. కమాను లేనిది ఉన్నదానితో పోటీ పడడానికి ఏమేం చేస్తుందో వినడమే ఆ నాలుగైదు నిమిషాల మజా. డ్రమ్స్ వాయించిన మార్టిన్ లాంబుల్ 19 ఏళ్ల కుర్రాడు. రికార్డు విడుదలయ్యేలోపే బృందం వ్యాన్ ప్రమాదంలో పోయాడు.

నిదానంగా పెరగడం ఎందుకు నచ్చుతుందనే దానికి మెదడు వైపు నుంచి కూడా ఒక ముక్క. 2011లో మాంట్రియల్ పరిశోధకులు, ఒళ్లు జలదరించేంత ఇష్టమైన సంగీతం వింటున్నవాళ్ల మెదళ్లను స్కాన్ చేశారు. జలదరింపు క్షణంలోనే కాదు, దానికోసం ఎదురుచూసే సెకన్లలో కూడా డోపమైన్ అనే మెదడు రసాయనం విడుదలైంది, అదీ మెదడులో వేరే భాగంలో. దీన్ని పట్టుకుని ‘సంగీతం డ్రగ్ లాంటిదే’ అని హెడ్డింగులు పెట్టారు, అవి వదిలేయండి. ఎదురుచూపుకి తనదైన సుఖం ఉందన్నంత వరకు నమ్మొచ్చు.

ఇదంతా కరెంటు వచ్చాక పుట్టిన విద్య అనుకుంటే మన తంబురాకు అన్యాయం చేసినట్టే. తీగను ఏ చోట మీటితే, ఆ చోట కదలిక ఉండని హార్మోనిక్స్ వినిపించకూడదని పాత సూత్రం. వీణ, తంబురాల్లో అవి చక్కగా వినిపిస్తున్నాయని విశాఖలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో చూపించాడు. కారణం వాటి వెడల్పాటి వంపు బ్రిడ్జి. తంబురాకైతే అక్కడ జీవ అనే చిన్న దారం కూడా పెడతారు. తీగ ఊగినప్పుడల్లా ఆ వంపును ఒరుసుకుంటూ తాకుతూ వదులుతూ ఉంటే, శక్తి కింది హార్మోనిక్స్ నుంచి పైవాటికి పాకుతుంది. గణితం దృష్టిలో ఆంప్‌లో జరిగేదీ ఇలాంటిదే, సరళరేఖలో నడవని వ్యవహారం. పాలకొల్లు కుర్రాడు ఉప్పలపు శ్రీనివాస్ జంట తీగల మాండొలిన్‌ను పక్కన పెట్టి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నదీ ఇందుకే. ఒక్క మీటుకు గమకం మొత్తం పలకాలంటే స్వరం అంతసేపు బతికి ఉండాలి.

చివరిగా, రిచర్డ్ థాంప్సన్ ‘కాల్వరీ క్రాస్’. భార్య లిండాతో కలిసి చేసిన 1974 ఆల్బమ్‌లో ఆ పాట నాలుగు నిమిషాలు. మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్ కచేరీలో రికార్డు చేసింది పదమూడు నిమిషాలు, 1976లో ‘గిటార్, వోకల్’ అనే సంకలనంలో వచ్చింది. పాట అదే, కార్డ్స్ అవే, పెరిగిందంతా గిటారే. రెండూ ఒకదాని వెంట ఒకటి వినండి, చిన్నదే ముందు. ఫోన్ స్పీకర్‌లో వద్దు, అందులో ఇందాక చెప్పిన 110 లాంటి కింది స్వరాలు సరిగా పలకవు.