రేటింగ్ కొంటే చిన్న సినిమా ఆడుతుందా?

అపోహ: సమీక్షల్లో ఐదుకు మూడు పైగా రేటింగ్ వస్తే చిన్న సినిమా గట్టెక్కుతుంది.

వాస్తవం: కొత్త సినిమాలను సమీక్షించే నాకు పదే పదే ఎదురయ్యే నమ్మకం ఇది, నిర్మాతల జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేదీ ఇదే. తొలి చిత్రం తీసిన ఒక నిర్మాత విడుదలకు ముందు ఫోన్ చేసి, "మూడుంపావు వేయిస్తానని ఒకాయన డబ్బు అడుగుతున్నాడండీ, ఇచ్చేయమంటారా?" అని అడిగారు. అప్పు తెచ్చి సినిమా తీసిన మనిషి ఆందోళన నాకు అర్థమవుతుంది కానీ, ఆ భయంతో బేరమాడే మధ్యవర్తులను మాత్రం సహించలేను. సమీక్ష ఫలించాలంటే, దాన్ని చదివినవారు టికెట్ కొనే వేళకు ఆ సినిమా ఇంకా థియేటర్లో ఉండాలి. అగ్ర హీరో సినిమాకు అడ్వాన్స్ బుకింగే తొలి రోజులను నడిపిస్తుంది. చిన్న సినిమాకు మాత్రం శుక్రవారం సీట్లు ఖాళీగా కనబడితే మల్టీప్లెక్సులు వెంటనే షోలు తగ్గించేస్తాయి, ఇక కొనుక్కున్న అంకె ఎవరికి ఉపయోగం? ఆ డబ్బుతో విడుదలకు ముందే నాలుగు ప్రత్యేక ప్రదర్శనలు వేయమని ఆ నిర్మాతకు చెప్పాను. 2018లో వచ్చిన, విశాఖపట్నంలోని కంచరపాలెం వాసులే ఎక్కువమంది నటించిన 'కేరాఫ్ కంచరపాలెం'కు తారలు లేరు. విడుదలకు ముందే చూసినవారి మాటే దానికి పెద్ద ప్రచారమైంది.

రేటింగ్ అన్ని సినిమాలకూ ఒకే కొలబద్ద అనుకోవడం మరో పొరపాటు. ఖాళీ హాల్లో పేలని హాస్యం హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌ థియేటర్లలో నిండిన సాయంత్రం ఆటలో పేలుతుంది కాబట్టి, కామెడీని నేను వీలైనంతవరకు జనం మధ్యనే చూస్తాను. క్రైమ్ కథలో చివరి మలుపుకు ఆధారాలు ముందే పరిచారా అన్నది చూస్తాను, ఆ మలుపును మాత్రం రాయను. డ్రామాలో నెమ్మదితనం దానంతట అది లోపం కాదు.

అమెరికా ప్రీమియర్ టాక్‌ను తీర్పుగా తీసుకోనక్కరలేదు. అక్కడి గురువారం సాయంత్రం మనకు శుక్రవారం వేకువ కనుక అది ముందు చేరుతుంది, అంతే.

తొలి మూడు రోజులు సమీక్షలను ఆపేస్తే చిన్న నిర్మాతకు మేలు జరుగుతుందన్న వాదన కూడా నిలవదు. 2024 డిసెంబరులో తమిళ నిర్మాతల సంఘం ఒకటి ఇదే కోరుతూ మద్రాసు హైకోర్టుకు వెళితే, న్యాయస్థానం భావప్రకటనా స్వేచ్ఛను గుర్తుచేసింది. అసలు చిన్న సినిమాకు థియేటర్లో చాలాసార్లు దక్కేవే ఆ మూడు రోజులు. అప్పుడు కూడా దాని గురించి ఎవరూ రాయకూడదంటే, అది విడుదలైందన్న సంగతి జనానికి తెలిసేదెలా?